కార్డులో పట్టని సగం

మా పాస్టరు అయ్యగారి జ్ఞాపకార్థ కూడికలో వేయడానికి రెండు నిమిషాల వీడియో కావాలని మా సంఘంలోని యువకులు నన్నడిగారు. "అన్నా, ఆయన ప్రసంగాల్లోంచి బాగా పవర్‌ఫుల్‌గా ఉన్న ముక్క ఒకటి కోసి పెట్టు. వెనకాల మెత్తగా కీబోర్డు వేసుకుంటాం" అన్నారు. కోతలు కోయడంలో నాకు సంఘంలో కొంచెం పేరుంది, ఆ మాటకున్న రెండు అర్థాల్లోనూ. అదెలా వచ్చిందో కాసేపట్లో చెబుతాను. అంత మంచి పేరేమీ కాదు కనుక తొందర లేదు.

ఆయన ప్రసంగాల ఆడియోలు నా దగ్గర ముప్పై దాకా ఉన్నాయి. రెండు శనివారాలు కూర్చుని విన్నాను. పవర్‌ఫుల్ ముక్క దొరకలేదు. ఆయన గొంతు ఎక్కడా లేవదు, ఎక్కడా వణకదు, పక్కవాళ్ల వైపు తిరిగి ఫలానా మాట చెప్పండి అని ఎక్కడా అనదు. ఏ రెండు నిమిషాలు పట్టుకున్నా వాటి ముందు ఐదు నిమిషాలు, వెనక ఐదు నిమిషాలు మేమూ వస్తామంటూ వెంటపడతాయి. చివరికి ఒక ప్రసంగం మొత్తం పంపి, ఇదే ముక్క అన్నాను. వాళ్లు మర్యాదస్తులు కనుక ఆయన ఫొటోలతో సర్దుకున్నారు. నేను మాత్రం ఆయన గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను.

పాస్టరు కాకముందు ఆయన పాతికేళ్లు సిటీ బస్సులో కండక్టరు. ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసేది. వాక్యం చెప్పడానికి నిలబడితే కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, డ్రైవరు ఏ క్షణాన బ్రేకు వేసినా పడిపోని విధంగా నిలబడేవారు. ఒక చేయి బైబిలు మీద. రెండో చేయి అప్పుడప్పుడు తల మీదుగా లేచి, అక్కడ కమ్మీ లేదని గుర్తొచ్చి కిందికి దిగేది. కొత్తగా వచ్చినవాళ్లు అది ఆశీర్వాదం అనుకుని తలలు వంచేవారు.

మా సంఘం గోపన్‌పల్లిలో, కిటికీలకు అల్యూమినియం చట్రాలు, అద్దాలు బిగించే ఒక దుకాణం పైన, మొదటి అంతస్తులో కూడుకుంటుంది. చుట్టూ అపార్టుమెంట్లు లేస్తూనే ఉన్నాయి కనుక ఆ దుకాణానికి ఆదివారం సెలవు లేదు. ప్రసంగం మధ్యలో కింద అద్దం కోసే మిషను కీచుమని మొదలయ్యేది. అయ్యగారు ఆగిపోయేవారు. గొంతు పెంచి దాన్ని ఓడించాలని ఎన్నడూ చూడలేదు. చదువుతున్న మాట కింద వేలు అలాగే ఉంచి కిటికీలోంచి బయటికి చూసేవారు. మిషను ఆగాక, వేలున్న చోటి నుంచి, అదే గొంతుతో అందుకునేవారు. నేను ప్రసంగించిన ఒకే ఒక్క ఆదివారం మాత్రం కింద దాని కోత, పైన నా మోత పోటీ పడ్డాయి. దుకాణం మేస్త్రీ మెట్లెక్కి వచ్చి, పైన ఏమైనా లొల్లి అయితుందా అని అడిగి వెళ్లాడు.

ఆ ప్రసంగం సంగతి చెప్పాలి. నేను తెనాలి దగ్గరి నుంచి వచ్చినవాణ్ణి. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఫోను తెర మీది చిన్న చిన్న డబ్బాల్లో పట్టేలా మాటలు కుదించడం నా ఉద్యోగం. "మీరడిగిన పని ఇప్పుడు చేయలేకపోతున్నాం, దయచేసి కాసేపు ఆగి చూడండి" అనే మర్యాదను "మళ్లీ ప్రయత్నించండి" అనే రెండు ముక్కలు చేసినందుకు నాకు జీతం. మాటలతో బతికేవాణ్ణి కనుక వాక్యం చెప్పడం కూడా వచ్చేస్తుందని నా నమ్మకం. అయ్యగారు ఒకసారి అవకాశం ఇచ్చారు. ఇరవై నాలుగు స్లైడ్లు చేసుకున్నాను. స్లైడంటే జారుడుబల్ల కదా, మొదటి దాని మీద కూర్చున్నవాణ్ణి చివరి దాకా ఆగలేదు. ప్రాసలు వేశాను. ఒక చోట గుసగుసలాడాను, ఇంకో చోట గర్జించాను. జనం తొమ్మిదిసార్లు ఆమేన్ అన్నారు. లెక్కపెట్టుకున్నాను కనుక చెబుతున్నాను.

కూడిక అయ్యాక అయ్యగారు నా చేయి పట్టుకుని, "మంచిగ మాట్లాడినవ్ తమ్మీ" అన్నారు. నేను తల వంచుకుని వినయం ప్రదర్శించాను.

"ఒక్క ముచ్చట అడుగుత. మొదట ఒక వాక్యం చదివినవ్ కదా. తర్వాత అది యాడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదండి. దాని మీదే కదండీ మొత్తం చెప్పింది."

"దాని మీదనే నిలబడ్డవ్, ఒప్పుకుంట. మీద నిలబడితే అది మాకు కనబడలే."

నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. నా దగ్గర వాక్చాతుర్యం ఉంది, వాక్యమే లేదు అని ఆయన చాలా మర్యాదగా చెప్పారని మూడో రోజుకు అర్థమైంది.

ఆ మాట అన్న మనిషి ఎలా చెప్పేవారో కూడా చూడాలి. ఆదివారం ఏ వచనం చెప్పబోతున్నారో దానికి ముందున్న నాలుగు వచనాలు, తర్వాతి నాలుగు వచనాలు చదవకుండా ఎప్పుడూ మొదలుపెట్టలేదు. "ముంగటి స్టాపేదో, ఎనక స్టాపేదో తెల్వకుంటే నువ్వున్న కాడ దిగాల్నో వద్దో నీకెట్ల తెలుస్తది?" అనేవారు. గ్రాంథికంలో ఉన్న వచనాన్ని అచ్చంగా అలాగే చదివి, తర్వాత తన సంగారెడ్డి వైపు మాటల్లో చెప్పేవారు. రెండిటినీ కలిపేవారు కాదు. ఏది గ్రంథం మాటో, ఏది తన మాటో పిల్లలకు కూడా తెలిసిపోయేది. ఒక్కోసారి వేలు ఒక చోట ఆపి, "ఇది నాకు సమజ్ కాలే. చదివినం. పోదాం" అని ముందుకు వెళ్లేవారు. కంపెనీ ఉద్యోగులం కొందరం మొదట్లో దీనికి ఇబ్బంది పడ్డాం. పాస్టరుకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని ఒకాయన అడిగేశారు కూడా.

"రూటు నేనెయ్యలే సారూ. బండి నేను నడపుతలేను. స్టాపు పేరు సక్కగ పిలుసుడు నా పని. లేని స్టాపు పిలిస్తే ముసలమ్మ దిగిపోతది. ఉన్న స్టాపు పిలవకపోతే ఊరు దాటిపోతది. రెండూ నా మెడకే."

ఆయన ప్రసంగం తయారుచేసుకునే పద్ధతి నాకు చాలాకాలం తెలియలేదు. ఒక గురువారం మధ్యాహ్నం మా ఆఫీసు గేటు ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర ఆయన్ని చూశాను. స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ నీలిరంగు యూనిఫారాల్లో ఐదారుగురు ఆడవాళ్లు, పక్క బిల్డింగులో హౌస్‌కీపింగ్ పని చేసేవాళ్లు, షిఫ్టు మారే వేళ టీ తాగుతున్నారు. వాళ్లలో సగం మంది చర్చి గడప తొక్కనివాళ్లే. ఆయన ఆదివారం చెప్పబోయేది వాళ్లకు ఏదో ఇంటి ముచ్చటలా చెబుతున్నారు. అది ప్రసంగమని వాళ్లకు తెలుసో లేదో నాకు తెలియదు.

చెప్పడం అయ్యాక వాళ్లలో ముప్పై ఏళ్లుంటాయేమో, సుగుణ అనే మనిషి వైపు తిరిగి, "నువ్వు చెప్పు బిడ్డా ఇగ" అన్నారు. సుగుణ మా సంఘంలోని మనిషే. పాలమూరు వైపు నుంచి వచ్చింది. చదువు రాదు. టీ గ్లాసు కింద పెట్టి, ఆయన చెప్పిందంతా మొదటి నుంచి తిరిగి చెప్పింది. ఒక చోట ఆగింది.

"నడుమ ఏదో అన్నరు అయ్యగారూ, మూడు రకాల ఓపికలని. అవి నాకు రాలే."

"అచ్ఛా. అవి తీసేస్త" అన్నారాయన. తీసేశారు కూడా. ఆదివారం నేను వేళ్లు మడిచి ఎదురుచూశాను, మూడు రకాల ఓపికలు రాలేదు. సుగుణ మళ్లీ చెప్పలేనిది ఏదీ ఆయన చెప్పేవారు కాదు. ఇంటికెళ్లి ఇంకొకరికి చెప్పడానికి వీల్లేని ప్రసంగం, దిగాక చేతిలో మిగలని సంచిలాంటిదని ఆయన అభిప్రాయం.

ఇప్పుడు నా కోతల సంగతి.

కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున్నే ఆరాధనలో వాగ్దానపు కార్డులు పంచడం మా సంఘాల్లో అలవాటు. ఒక్కో కార్డు మీద ఒక్కో వాగ్దాన వచనం ఉంటుంది. పళ్లెంలో బోర్లా పేర్చి పెడతారు. ఒక్కొక్కరూ వచ్చి ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకుంటారు. ఏడాదంతా అది ఆ ఇంటి మాట. అద్దం అంచుకు దోపుకుంటారు, ఫోను కవరు వెనక పెట్టుకుంటారు. ఆ సంవత్సరం కార్డులు నన్ను తయారుచేయమన్నారు. నేను పొంగిపోయాను. సూర్యోదయం బొమ్మ, బంగారు అంచు, పెద్ద అక్షరాలు.

ఎనభై వచనాల్లో డెబ్బై ఏడు ఒద్దికగా కూర్చున్నాయి. మూడు కూర్చోలేదు. అందులో ఒకటి, తేలిక మాటల్లో చెప్పాలంటే, నీతిమంతుడికి ఆపదలు చాలా వస్తాయనీ, వాటన్నిటిలోంచీ దేవుడు అతణ్ణి విడిపిస్తాడనీ చెబుతుంది. అక్షరాలు తగ్గిస్తే అందం పోతుంది. బొమ్మ తగ్గిస్తే సూర్యుడు అస్తమిస్తాడు. ఉద్యోగంలో రోజూ చేసే పనే చేశాను. మొదటి సగం కోసేశాను. నిజం చెప్పాలంటే చోటు ఒక్కటే కారణం కాదు. పండగ పూట ఎవరి చేతిలోనైనా "ఆపదలు చాలా" అని పెడతామా? అన్నిటిలోంచీ విడిపిస్తాడు అన్నది ఉంది కదా, కావలసింది అదే కదా అనుకున్నాను. అయ్యగారికి చూపించాను. ఆయన ఆ రోజు కళ్లజోడు మరిచిపోయి వచ్చారు. పెద్దగా కనిపించే అధ్యాయం సంఖ్యలు మాత్రం సరిచూసి, సరేనన్నారు.

ఆ కార్డు సుగుణకు వచ్చింది. చదువు రాదు కనుక నా దగ్గరికే తెచ్చింది. "జర సదువు అన్నా" అంది. నేను నా గర్జించే గొంతుతో చదివాను. పక్కనే ఆమె భర్త ఉన్నాడు. కోకాపేట వైపు కడుతున్న టవర్లలో సెంట్రింగ్ పని చేసే మనిషి, మాట తక్కువ. "అన్నిట్లకెల్లి అంటనా?" అని అడిగాడు. "అన్నిట్లో నుంచీ" అన్నాను. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లారు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం అతను పరంజా మీది నుంచి పడ్డాడు. మూడో రోజు దవాఖానలో పోయాడు. అయ్యగారు భూస్థాపన జరిపించారు. మేమంతా వెళ్లాం, పాటలు పాడాం, వచ్చేశాం. ఆ తర్వాత సుగుణ రెండు నెలలు ఆదివారాలు రాలేదు. గురువారాలు టీ బండి దగ్గరికీ రాలేదు. అయ్యగారు రెండుసార్లు ఇంటికి వెళ్తే తాళం ఉంది, డబుల్ షిఫ్టులు చేస్తోందని పక్కింటివాళ్లు చెప్పారట. దుఃఖంలో ఉంది, టైమిద్దాం అని నేనన్నాను. టైమివ్వడం చాలా తేలిక, మన చేతిలోంచి ఏమీ పోదు.

ఏప్రిల్‌లో ఒక గురువారం టీ బండి దగ్గర తోటి పనివాళ్లు ఆయనకు చెప్పారు. సుగుణ అంతకు రెండు రోజుల ముందు ఏడో అంతస్తులో తుడుస్తూ తుడుస్తూ పడిపోయింది. కడుపులో ఏమీ లేక పడిపోయిందని డాక్టరు అన్నాడు. వారంలో మూడు రోజులు ఉపవాసం ఉంటోందట, మిగిలిన రోజుల్లో కూడా ఒక పూటే తింటోందట. సూపర్‌వైజరు వారం రోజులు ఇంటి దగ్గరే ఉండమన్నాడు. అయ్యగారు అటు నుంచి అటే ఆమె ఇంటికి వెళ్లారు.

మర్నాడు పొద్దున్నే ఆయన నాకు ఫోను చేశారు.

"తమ్మీ, ఆ కార్డులు నువ్వే చేసినవ్ కదా. సుగుణ కాడ ఉన్న వాక్యానికి తలకాయ ఏది?"

నాకు వెంటనే అర్థమైంది. చోటు సరిపోలేదని, కార్డు కొలతలని, ఏదో నసిగాను.

"అవన్ని తర్వాత చెప్పు. పదకొండింటికి బండి తీస్కొనిరా. పోదాం."

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం పగలు మా సంఘంలో ఉపవాస ప్రార్థన ఉంటుంది. అయ్యగారు పొద్దుగూకే దాకా మంచినీళ్లు తప్ప ముట్టరు. కండక్టరుగా ఉన్న రోజుల్లో ఎండాకాలం డ్యూటీలో కూడా ముట్టేవారు కాదని వాళ్లావిడ చెప్పేది. ఆ రోజు ప్రార్థన పెద్దలకు అప్పజెప్పి నా స్కూటరెక్కారు. ముందురోజు సుగుణ నోట విన్నదంతా దారిలో చెప్పారు.

దేవుడు అబద్ధమాడడు. అన్నిటిలోంచీ విడిపిస్తానన్నాడు. విడిపించలేదు. అంటే తప్పు ఎక్కడో ఈ వైపే ఉండాలి. సుగుణ అలా లెక్కకట్టుకుంది. ఎక్కడుందా అని వెతికితే దొరికింది. భర్త పడ్డ సోమవారానికి ముందు వచ్చిన శుక్రవారం, వాళ్ల ఆఫీసులో ఏదో పెద్ద మీటింగు. మిగిలిపోయిన బిర్యానీ పాకెట్లు హౌస్‌కీపింగ్ వాళ్లకు ఇచ్చారు. పొద్దున ఐదింటి నుంచి పని చేసి చేసి, రెండింటికి ఆగలేక ఆమె ఒకటి తినేసింది. ఉపవాసం తప్పింది. ఆ సంగతి మా సంఘంలోని ఒక అక్కకు చెప్పుకుంటే, ఆమె చెడ్డ మనిషి కాదు గానీ, "విశ్వాసంలో ఎక్కడో కొదవుందేమో, పరీక్షించుకోమ్మా" అంది. ఇక సుగుణకు అనుమానం లేదు. భర్తను తానే చంపుకున్నానని నమ్మింది. అప్పటి నుంచి తింటే ముద్ద దిగడం లేదు.

నేను బండి పక్కకు ఆపాను. "ఆదివారం అందరి ముందూ నేను ఒప్పుకుంటానండి. తప్పు నాది" అన్నాను.

"నీది కార్డు. ఆ వేదిక నాది. అచ్చుకు పోయేముందు నేను సదవాలె, సదవలే. ఆదివారం నేను చెప్త. ఇయ్యాల నువ్వు ఊకె నా ఎంబడి ఉండు." నా భుజం తట్టి, "బండి నడువు, ఎండ కొడుతుంది" అన్నారు.

సుగుణ ఇల్లు శేరిలింగంపల్లిలో రైలు పట్టాల వైపు ఒక కిరాయి గది. ఆమెను చూసి నేను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. చెంపలు లోపలికి పోయాయి. చేతికి గాజులు లేవు, మణికట్టు ఎముక మాత్రం ఉంది. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి తను గోడకు ఆనుకుంది. గోడకున్న అద్దం అంచున కార్డు ఉంది. బంగారు అంచు మెరుస్తోంది. నా పనితనం.

అయ్యగారు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ప్రార్థన కూడా చేయలేదు. సంచిలోంచి బైబిలు తీసి, కళ్లజోడు పెట్టుకుని, చర్చిలో చదివినట్టే పై నాలుగు వచనాలు, ఆ వచనం, కింద ఆ కీర్తన చివరి దాకా మిగిలిన మూడు వచనాలు చదివారు. తర్వాత, "నీకు మేం సగమే ఇచ్చినం బిడ్డా. ఇది పూర్తిది" అని ఆ వచనాన్ని తన మాటల్లో చెప్పారు. నీతిగ బతికేటోళ్లకు ఆపదలు మస్తుగ వస్తయ్. అన్నిట్లకెల్లి దేవుడు విడిపిస్తడు.

రైలొకటి పోయింది. ఆయన వేలు అక్కడే ఉంది.

"ఆపదలు వస్తయని ముందుగాలనే ఉన్నదా అండ్ల?" అంది సుగుణ.

"ముందుగాలనే ఉన్నది."

"ఎవలకు?"

"నీతిమంతునికి. తప్పు చేసినోనికని లేదు. మంచిగ బతికేటోనికే వస్తయని రాసున్నది."

ఆమె నా వైపు తిరిగింది. "మరి నువ్వెందుకు తీసినవ్ అన్నా?"

"చోటు చాల్లేదమ్మా" అన్నాను. "ఆపదలు చాలా అన్నంత మాట... ఆ కార్డులో పట్టలేదు."

"మా ఇంట్ల పట్టింది కదా" అంది సుగుణ. దెప్పిపొడుపు లేదు ఆ గొంతులో. ఉన్నమాట చెప్పింది, అంతే. ఇరవై నాలుగు స్లైడ్లతో నేను చెప్పలేకపోయిన ప్రసంగం అదేనని నాకప్పుడు తోచింది. తోచినందుకు సిగ్గు కూడా వేసింది, అక్కడ కూడా ప్రసంగమే గుర్తొచ్చిందని.

ఆమె మళ్లీ ఆయన వైపు తిరిగింది. "మిగిలిన సగం సంగతేంది మరి? విడిపిస్తనన్నడు. మా ఆయనను విడిపియ్యలే."

నాకు తెలిసిన ప్రసంగీకులు ఎంతోమంది ఇలాంటి చోట ఏమంటారో నాకు తెలుసు. పరలోకంలో విడుదల పొందాడమ్మా అంటారు. నేనూ అదే అనబోయి ఆయన్ని చూసి ఆగాను. ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"అది నాకు తెల్వది బిడ్డా. నీ అంత నేనూ అడిగిన. నాకు తెల్వదని అండ్ల ఉన్నది తీసెయ్యను. అండ్ల లేనిది నీకు చెప్పను. నువ్వు ఉపాసం తప్పినందుకు నీ పెనిమిటి పడ్డడని అండ్ల యాడా లేదు. ముందు సదివిన, ఎనక సదివిన. లేదు."

"మరి గా శుక్రవారం?"

"గా శుక్రవారం నీకు ఆకలైంది, తిన్నవ్. గంతే."

సుగుణ కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుపు వినపడలేదు, భుజాలు మాత్రం కదిలాయి. నేను ఏదో ఒకటి అనాలి అనుకుంటుంటే అయ్యగారు నా మోకాలి మీద చేయి వేసి నొక్కారు. బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి లోపలికి నెట్టే చేయి అది.

కాసేపటికి ఆయన అడిగారు. "ఇంట్ల తినేటందుకు ఏమన్నా ఉన్నదా?"

ఆమె కొంగు తీసి చూసింది. "అయ్యగారూ, ఇయ్యాల శుక్రవారం."

"ఎరుకే. ఆకలైతుంది."

ఆమె నా వైపు చూసింది, ఇది నిజమేనా అన్నట్టు. ఆ మనిషి శుక్రవారం పగలు మెతుకు ముట్టడం నేనూ చూడలేదు. అడుగుతున్నది ఆకలి కోసం కాదని నాకు తెలుసు, ఆమెకూ తెలిసే ఉంటుంది. కానీ ఇంటికొచ్చిన పెద్దమనిషి అన్నమడిగితే లేదనే అలవాటు ఆ ఇంట్లో లేదు. లేచి స్టవ్ వెలిగించింది. బియ్యం కడిగింది. ఆయన బైబిలు సంచిలో పెట్టుకుని, ఆమె ఆఫీసు గురించి, ఏడో అంతస్తులో కొత్తగా వేసిన తివాచీ గురించి, అది తుడవడానికి ఎందుకు వీలుగా ఉండదో అడుగుతూ కూర్చున్నారు. ఆమె వీపు తిప్పి, వంట చేస్తూనే ఒక్కో మాట చెప్పింది. తర్వాత రెండేసి మాటలు చెప్పింది.

అన్నం, చింతపండు చారు, కొంచెం మామిడికాయ తొక్కు. రెండు పళ్లేల్లో పెట్టి మా ముందుంచింది. ఆయన చేయి కడుక్కున్నారు గానీ అన్నంలో పెట్టలేదు.

"ఇంకో పళ్లెం తే."

"నేను తర్వాత తింట అయ్యగారూ."

"తర్వాత ఏంది, కూసో."

నిలబడే ఉంది. ఆయన ఒళ్లో చేతులు పెట్టుకుని, కింద మిషను నడుస్తున్నప్పుడు ఎలా ఎదురుచూసేవారో అలాగే ఎదురుచూశారు. తొందరపెట్టలేదు. అన్నం మీది ఆవిరి తగ్గిపోయింది. నా పళ్లెంలో చారు అన్నంలోకి ఇంకిపోతోంది. చివరికి ఆమె పళ్లెం తెచ్చుకుని మా ఎదురుగా కూర్చుంది. నాలుగు మెతుకులు వడ్డించుకుంది. ఆయన గరిటె అందుకుని ఇంకొంచెం వేశారు. ముగ్గురికీ కలిపి రెండే మాటల్లో స్తోత్రం చెప్పి, ముద్ద కలిపి చేతిలో పట్టుకుని, ఆమె వైపు చూస్తూ ఉన్నారు.

సుగుణ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. మింగింది.

అప్పుడు ఆయన తిన్నారు. ఆకలి లేని మనిషి తినే తీరు కాదు అది. పళ్లెం సగమయ్యాక తలెత్తి, "ఇంక జర చారు పొయ్యి బిడ్డా" అన్నారు.